పదహారో గడి కాసులు

నేను బరంపురం టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగంలో చేరేనాటికి అక్కడ కాసులు పేరుతో ఇద్దరు ఉండేవారు. జీపు నడిపే ఆయన జీపు కాసులు. ఇంకో ఆయన పదహారో గడి కాసులు. మొదటి పేరు వినగానే అర్థమైంది. రెండోది అర్థం కావడానికి, ఇంజనీరింగ్ చదివి ఆఫీసర్ కుర్చీలో కూర్చున్న నాకు మూడు నెలలు పట్టింది. సిగ్గుపడాల్సిన సంగతే గాని, దాచుకోవడం ఎందుకు!

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పేరు దివ్యశ్రీ. మా నాన్న ఆదినారాయణకి పెద్ద బజారులో చింతపండు, ఎండుమిరప హోల్‌సేల్ కొట్టు ఉంది. నాలుగు తరాలుగా బరంపురంలోనే ఉన్నాం. తెలుగు ఇంట్లో నేర్చుకున్నదే, బడి అంతా ఒడియాలో. నాకు కోపం ఎక్కువని మా అమ్మ పైకే అంటుంది, ఆఫీసులో వాళ్ళు లోపల అనుకుంటారు. ఇరవై ఏడేళ్ళ నా కింద యాభై ఆరేళ్ళ కాసులు గారు పని చేయడం నాకే ఇబ్బందిగా ఉండేది. ఆయనకి ఆ పట్టింపు లేదు. మామూలుగా "అమ్మా" అని పిలిచేవారు. నేను పొరపాటు చేసినప్పుడు మాత్రం "దివ్యమ్మా" అనేవారు. ఆ పిలుపు వినబడితే చాలు, ఏదో తీగ తప్పు చోట పెట్టానని తెలిసిపోయేది.

ఆయనది ఆర్యపల్లి. ఛత్రపురం దాటి సముద్రం వైపు తిరిగితే వస్తుంది. తాత, తండ్రి, మేనమామలు అందరూ చేపల వేటకి వెళ్ళినవాళ్ళే. ఈయనకి మాత్రం పడవ పడదు. పదిహేనో ఏట మొదటిసారి అల దాటగానే మొదలైన వాంతులు మళ్ళీ ఒడ్డు తగిలేదాకా ఆగలేదట. మూడుసార్లు తీసుకెళ్ళి చూసి, నాలుగోసారి తండ్రే దింపేశాడు. "ఒడ్డునే ఉండరా బాబూ, సేపలు నిన్ను సూసి నవ్వుతన్నాయి" అన్నాడట. ఈ మాట కాసులు గారే చెప్పి నవ్వేవారు. ఊరి నిండా సముద్రం మీద బతికేవాళ్ళుంటే, ఒక్కడు ఒడ్డున మిగిలిపోవడం ఆ వయసులో ఎలా ఉంటుందో నేను అడగలేదు.

కొన్నాళ్ళు గంజాం ఉప్పు మళ్ళలో కూలికెళ్ళారు. తర్వాత ఛత్రపురం రోడ్డు పక్కన టెలిఫోన్ కేబుల్ కోసం కందకం తవ్వుతుంటే పార పట్టుకుని అందులో చేరారు. తవ్వినవాడు తవ్వి పోతాడు. ఈయన మాత్రం పని అయ్యాక కూడా, కేబుల్ అతికే మనిషి పక్కన గొంతుక్కూర్చుని ఏ రంగు తీగ ఏ రంగుతో కలుస్తుందో చూస్తూ ఉండేవారట. అలా చూసి చూసి రెండేళ్ళకి అతకడం నేర్చారు, ఎనిమిదేళ్ళకి పర్మనెంటు అయ్యారు. తొంభై ఏడులో మా దగ్గరికి డిజిటల్ ఎక్స్ఛేంజి వచ్చినప్పుడు పెద్ద మెకానిక్కులు దాన్ని చూసి జడిశారు. చెవికి టకటక శబ్దం లేదు, చేతికి తిప్పడానికి ఏమీ లేదు. కాసులు గారు భువనేశ్వర్‌లో రెండు వారాల ట్రైనింగుకి వెళ్ళి, ఇంగ్లీషు మాన్యువల్, ఒడియా డిక్షనరీ పక్కపక్కన పెట్టుకుని చదువుకొచ్చారు.

ఇక ఆ పదహారో గడి సంగతి. ఆ గడి ఉండే లైనుని ఐఎస్‌డిఎన్ అంటారు, పూర్తి పేరు ఇంటిగ్రేటెడ్ సర్వీసెస్ డిజిటల్ నెట్‌వర్క్. కాలేజీలో నేను దీని మీద పద్దెనిమిది మార్కుల జవాబు రాశాను. రాసిందేమిటో మాత్రం తెలియదు. ఒకరోజు ఒక ఆస్పత్రి లైను కుదరక నేను విసుక్కుంటుంటే, కాసులు గారు పాత క్యాలెండర్ కాగితం వెనక ముప్పై రెండు గళ్ళు గీశారు.

"ఇది ఒక లైను అమ్మా. రెండు జతల తీగ. మనిసి గొంతుని ఇది సెకనుకి ఎనిమిది వేలసార్లు కొలిసి, కొలిసినప్పుడల్లా ఒక అంకె రాసుకుంటాది. ఆ అంకెల్ని ఈ గళ్ళలో ఏసి పంపుతాది. అవతల మెషీను ఆ అంకెల్ని మళ్ళీ గొంతు సేత్తాది. గళ్ళు ఎన్ని?"

"ముప్పై రెండు."

"సున్నా గడి తాళానికి. ఇటు మెషీనూ అటు మెషీనూ అడుగు కలిపి నడవాలి కదా, దానికి. ఇది తీసీ. ఈ పదారోది కూడా తీసీ. మిగతా ముప్పయ్యీ సరుకు గళ్ళు. మాట ఎల్తాది, ఫాక్సు ఎల్తాది, కంప్యూటరు సరుకు ఎల్తాది. ఏది ఎల్తందో ఆటికి తెల్దు, అన్నీ అంకెలే. మరి తెలిసింది ఎవులికి?"

"పదహారో దానికి."

"ఆఁ. ఎవులు ఎవులికి సేత్తన్నారు, అక్కడ మోగుతందా, ఎత్తినారా, ఎవులు ముందు పెట్టీసినారు, అంతా ఇందులో ఎల్తాది. మాట ఒక దారి, కబురు ఒక దారి. కబురు ముందెల్లి తలుపు తడతాది. తలుపు తీసినాకే మాట బయల్దేరతాది. తియ్యకపోతే మాట లేదు. కబురు మటుకు ఎల్లినట్టే, ఒచ్చినట్టే."

పద్దెనిమిది మార్కుల జవాబు నాకు ఆ పూట అర్థమైంది.

కొత్త లైను వేసిన చోటల్లా, మొదటి నెల రోజులూ దాని పదహారో గడిలో ఏం పోయిందో కంప్యూటర్‌లో పట్టి ఉంచి, పొద్దున్నే ప్రింటు తీసి చదవడం ఆయన అలవాటు. ఎవరూ చేయమనలేదు. మిగతావాళ్ళు పేపరు చదివే వేళకి ఆయన అది చదివేవారు. అందులో మాటలేమీ ఉండవు, ఎవరి సంభాషణా తెలియదు. ఏ వేళకి ఎవరికి కాల్ వెళ్ళింది, ఎంతసేపు మోగింది, ఎలా ముగిసింది, అంతే. ముగింపుకి ఒక్కో నంబరు ఉంటుంది. పదహారు అంటే మాట్లాడుకుని పెట్టేశారు. పదిహేడు అంటే బిజీ. పంతొమ్మిది అంటే మోగింది గాని ఎత్తలేదు. ఈ నంబర్లు ఆయన మనుషులకి కూడా వాడేవారు. సెలవు చీటీ పెట్టి వారమైనా పై ఆఫీసు నుంచి జవాబు రాకపోతే "పంతొమ్మిది అమ్మా" అనేవారు. మా అమ్మ ఫోన్‌లో పెళ్ళి సంగతి ఎత్తినప్పుడు నేను పని ఉందని పెట్టేస్తే, చూడనట్టు చూసి "పదిహేడు" అని గొణిగేవారు.

కబురు వేరు, మాట వేరు అన్న ఆ సంగతిని ఆయన ఆఫీసులోనే ఉంచలేదు. తొంభై తొమ్మిదిలో ఆర్యపల్లిలో టెలిఫోన్ బూత్ పెట్టినప్పుడు బావ ధనరాజుకి చెప్పారు. ధనరాజు ఆయన చెల్లెలు ముత్యాలమ్మ భర్త. ఏడాదిలో తొమ్మిది నెలలు మంగుళూరు రేవులో ఇంకొకరి బోటు మీద పని చేస్తాడు. అప్పట్లో అంత దూరం నుంచి మాట్లాడటం చాలా ఖరీదు. ఎత్తితేనే మీటరు తిరుగుతుంది, మోతకి తిరగదు అని కాసులు గారు చెప్పి, ఒక పద్ధతి పెట్టారు. ఒక్క మోత మోగి ఆగితే సముద్రంలోకి వెళ్తున్నాను అని. మూడు మోతలైతే ఒడ్డుకి వచ్చాను అని. నిండా, చివరిదాకా మోగి ఆగితే వేట బాగా పడింది అని. ఈ మూడింటికీ ఫోన్ ఎత్తకూడదు. ఆగిన వెంటనే మళ్ళీ మోగితే మాత్రం ఎత్తాలి. అది చెడ్డ కబురు.

రెండేళ్ళలో ఊరంతా అదే పద్ధతి. చేతి ఫోన్లు వచ్చాక ఇంకా సులువైంది, అంతా బాగుందని ఇంటి నుంచి కూడా ఒకసారి నిండా మోగించేవారు. తర్వాత మాట్లాడటమూ చవకైపోయింది, కుర్రకారు గంటలకొద్దీ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ధనరాజు వయసువాళ్ళు మాత్రం మారలేదు. ఖర్చు కోసం కాదు. "గొంతు ఇంటే మనసు ఇంటికాడే ఉండిపోతాది, బోటెక్కలేం" అనేవాడట ధనరాజు. చేతికందిన ఏ ఫోన్ నుంచైనా మోగించేవాడు. ఇక్కడ ముత్యాలమ్మ మోతలు లెక్కపెట్టుకుని, స్క్రీన్ మీద ఉన్న నంబరు చెరిపేసి, మళ్ళీ కబురు కోసం ఫోన్ పక్కన పెట్టుకునేది. కాసులు గారు ఈ పద్ధతి గురించి చెప్పేటప్పుడు, పర్మనెంటు ఆర్డర్ వచ్చిన రోజు గురించి చెప్పినంత గర్వంగా చెప్పేవారు.

రెండు వేల పద్దెనిమిది ఆగస్టులో ఒక సోమవారం పొద్దున్న ముత్యాలమ్మ, కూతురు రింకి మా ఎక్స్ఛేంజికి వచ్చారు. రింకి పన్నెండో తరగతి అయ్యాక రొయ్యల కంపెనీలో తొక్క తీసే పనికి వెళ్తోంది. నర్సు ట్రైనింగుకి బరంపురంలోని ఒక ప్రైవేటు కాలేజీలో దరఖాస్తు పెట్టింది. వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు ఈ పిల్లదే. ఒక సీటు ఖాళీ అయితే ఫోన్ చేస్తామని, మూడుసార్లు చేసినా ఎత్తకపోతే తర్వాతి పేరుకి వెళ్తామని కాలేజీ ముందే రాసి ఇచ్చింది. కంపెనీలో పనిలో ఉన్నంతసేపూ ఫోన్లు తీసుకుంటారు కాబట్టి రింకి తల్లి నంబరు ఇచ్చింది. సోమవారం కాలేజీకి వెళ్ళి చూస్తే నోటీసు బోర్డు మీద తన పేరు కొట్టేసి ఉంది. శనివారం మూడుసార్లు చేశాం, ఎత్తలేదు అన్నారు.

"అబద్దం మావా" అంది రింకి. ఏడవడం లేదు. పెదాలు తెల్లబడ్డాయి. "అమ్మ శనివారం అంతా ఇంట్లోనే ఉన్నాది. పోను సేతిలోనే ఉన్నాది. కాలేజీ పోను ఒక్కటీ ఎత్తలేదంట, ఎత్తడానికి రాలేదంట. ఆ సీటు ఇంకెవులికో ఇచ్చీసినారు."

ముత్యాలమ్మ తల ఊపింది. "రాలేదన్నయ్యా. నేను కాసుకునే ఉన్నాను."

కాసులు గారికి కోపం రావడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. "మా సెల్లి పోను ఒగ్గీసి ఎక్కడికీ ఎల్లదమ్మా. ఆళ్ళు సెయ్యనే లేదు. ఆ లైను ఏసింది మనమే కదా, ఇంకా నెల అవలేదు. పదారో గడి నా కాడుంది. ఎవులు అబద్దం సెప్పినారో అదే సెప్తాది."

నిజమే. ఆ కాలేజీకి పీఆర్ఐ లైను, అంటే ఆ ముప్పై రెండు గళ్ళ లైనే, వేసి పంతొమ్మిది రోజులైంది. అయినా చందాదారు అనుమతి లేకుండా వాళ్ళ కాల్స్ వివరాలు ఇంకొకరికి చూపించకూడదు. అందుకని నేనూ కాసులు గారూ జీపులో కాలేజీకి వెళ్ళాం. ప్రిన్సిపాల్ యాభై ఏళ్ళ ఒడియా ఆవిడ, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని మాట్లాడే మనిషి. కోప్పడకుండా విన్నారు. మా గుమాస్తా అబద్ధం చెప్పే మనిషి కాదు, కానీ కొత్త లైను కదా, తేడా ఉంటే ఉండొచ్చు అన్నారు. లైను పరీక్షించమని కాగితం మీద ఫిర్యాదు రాసి ఇచ్చారు. శనివారం లైనులో లోపం ఉందని సాయంత్రం నాలుగులోగా మీ ఆఫీసు రిపోర్టు ఇస్తే రింకి పేరు మళ్ళీ ముందుకి తెస్తాను అన్నారు. రెండో పేరు భంజనగర్ అమ్మాయిది. ఫోన్ చేయగానే ఎత్తిందట, మంగళవారం వచ్చి చేరతానందట. లోపం ఉందని తేలితే ఆ అమ్మాయి మళ్ళీ వెయిటింగ్ లిస్టులోకి పోతుంది.

తిరిగొచ్చేటప్పటికి పన్నెండున్నర. తల్లీకూతుళ్ళు వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నారు. ముత్యాలమ్మ తెచ్చిన టిఫిన్ డబ్బా మూత తీయలేదు. కాసులు గారు ప్రింటు తీసి నా బల్ల మీద పరిచారు. ఇద్దరం కలిసి చూశాం.

శనివారం పదకొండూ పదికి మొదటి కాల్. ముత్యాలమ్మ నంబరు. కబురు వెళ్ళింది. అవతలి నుంచి "మోగుతోంది" అని తిరుగు కబురు వచ్చింది. యాభై ఎనిమిది సెకన్లు. తర్వాత పంతొమ్మిది.

పన్నెండూ నలభైకి రెండోది. మోగుతోంది. పంతొమ్మిది.

మూడూ ఐదుకి మూడోది. పంతొమ్మిది.

కాసులు గారు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుని నంబరు అంకె అంకె సరిచూశారు. అది చెల్లెలి నంబరే. ఆయనకి నోటికి వచ్చిన నంబరు. ఆయన లేచి వరండాలోకి వెళ్తే నేనూ వెనకే వెళ్ళాను.

"ముత్యాలూ, శనివారం పోను మోగిందేటి?"

"మోగింది కదన్నయ్యా, మీ బావది" అంది ఆవిడ. ఆ మాట చెప్పేటప్పుడు మొహం వికసించింది. "మూడుసార్లు! మూడుసార్లూ నిండా మోగింది. ఏట అంత బాగా పడిందంటే ఊరంతా సెప్పీసినాను. పక్కింటి దానమ్మ ఒదినైతే నమ్మనేలేదు."

"ఎత్తలేదేటి?"

"ఎందుకెత్తుతాను? రెండోసారి మోగితే ఎత్తుదామని సేతిలోనే పట్టుకున్నాను. మోగలేదు. రింకి సెప్పింది కదా కాలేజీ పోనొస్తే ఎత్తమని, అందుకే కాసుకున్నాను. ఎత్తమంటే ఆపీసి మళ్ళీ కొడతారు కదా. అంత సదువుకున్నోలికి ఆమాత్రం తెల్దేటి?"

రింకి గిరుక్కున తల్లి వైపు తిరిగింది. తల్లికి ఇంకా అర్థం కాలేదు. ఒకసారి కూతురి మొహం, ఒకసారి అన్న మొహం చూసింది. "కాదేటి?" అంది, చిన్న గొంతుతో. "కాలేజీవేటి అవి?"

కాసులు గారు వెనక్కి తిరిగి లోపలికి వచ్చేశారు.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. అదే ప్రింటులో శనివారం పదకొండూ రెండుకి ఒక చిన్న అలారం ఉంది. సున్నా గడిలో తాళం తప్పింది, రెండు సెకన్లు, మళ్ళీ కుదిరింది. కొత్త లైనుల్లో మామూలే. దానివల్ల ఏ కాలూ పోదు. కానీ రిపోర్టులో "శనివారం ఉదయం లైనులో తాళం తప్పిన లోపం కనబడింది" అని ఒక్క వాక్యం రాస్తే అందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు. ప్రిన్సిపాల్‌కి అంతకన్నా అక్కర్లేదు. నేను ఆ ముక్కే చెప్పాను. "మీరు రాయండి, నేను సంతకం పెడతాను" అన్నాను. ఆఫీసర్‌ని కదా, సంతకం నాదే.

ఆయన ప్రింటు మడత పెట్టారు. "రాయనమ్మా."

"ఎందుకు రాయరు?"

"అలారం పదకొండూ రెండుకి. పోను పదకొండూ పదికి. మోగిందని పదారో గడి సెప్తంది. ఇరవయ్యేళ్ళ బట్టి అది నాకు అబద్దం సెప్పలేదు. దాని పేరు సెప్పి నేనెలా సెప్తాను?"

నాకు ఒళ్ళు మండింది. గడి ఏమైనా మనిషా, మీ మేనకోడలికన్నా ఎక్కువా అన్నాను. గొంతు పెరిగింది, పక్క గదిలో వాళ్ళు తొంగి చూశారు. రొయ్యల తొక్క తీసుకుంటూ చేతులు పగలగొట్టుకుని చదువుకునే పిల్ల, మీరు పెట్టిన పద్ధతి వల్లే కదా ఈ గతి అని కూడా అనేశాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఇప్పటికీ అదే అనుకుంటాను.

ఆయనేమీ కోప్పడలేదు. "నా వల్లే దివ్యమ్మా" అన్నారు. "అదే రాస్తాను. ఆ భంజనగర్ పిల్ల మోగగానే ఎత్తింది. ఎత్తినందుకు దానికి శిక్షేటి?"

రిపోర్టు ఆయనే రాశారు, ఒడియాలో, గుండ్రటి అక్షరాలతో. లైను బాగుంది. మూడు కాల్సూ గ్రామానికి చేరాయి. ఫోన్ మోగింది. ఇంట్లో మనిషి ఉండి కూడా ఎత్తలేదు. మా గ్రామంలో మొదటి మోతకి ఫోన్ ఎత్తకూడదన్న పద్ధతి ఉంది. ఆ పద్ధతి పెట్టినవాణ్ణి ఈ రిపోర్టు రాసిన నేనే. అభ్యర్థి తప్పు ఏమీ లేదు. ఇంతే రాసి కింద పేరు పెట్టారు. టెలిఫోన్ లైను రిపోర్టులో అలాంటి వాక్యాలు నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. నేను సంతకం పెట్టాను. కోపంతోనే పెట్టాను.

మూడున్నరకి నలుగురం జీపులో కాలేజీకి వెళ్ళాం. దారిలో రింకి మామయ్యకి వీపు పెట్టి కూర్చుంది. ప్రిన్సిపాల్ రిపోర్టు రెండుసార్లు చదివారు. కళ్ళజోడు కిందికి దించి కాసులు గారి వైపు చూశారు. లోపం లేదని మీరే రాశాక నేను చేయగలిగింది లేదు అన్నారు. వచ్చే ఏడు దరఖాస్తు పెట్టమని, ఈసారి రెండు ఫోన్ నంబర్లు ఇవ్వమని రింకితో చెప్పారు. మంచిగానే చెప్పారు. కానీ ఒక ఏడాది మళ్ళీ ఆ కంపెనీలో, మంచు నీళ్ళలో చేతులు పెట్టి నిలబడటం ఎలా ఉంటుందో ఆవిడకి ఎలా తెలుస్తుంది? రింకి "హఉ", అంటే సరే, అని ఒడియాలో ఒక్క ముక్క అని, నమస్కారం పెట్టి బయటికి వచ్చేసింది.

కాలేజీ మెట్ల మీద తల్లి కూలబడింది. "నేను ఎత్తీసుంటే అయిపోను, ఎత్తీసుంటే అయిపోను" అని అదే మాట. కాసులు గారు రెండు మెట్ల కింద నిలబడి "నీ తప్పు కాదు ముత్యాలూ, నేను సెప్పిందే నువ్వు సేసినావు" అంటున్నారు. ఇద్దరూ ఒకరి మాట ఒకరు వినడం లేదు.

"నాన్న ఒడ్డునే ఉన్నాడేటి?" అని అడిగింది రింకి.

"శుక్రవారం పొద్దున్న మూడు మోతలు మోగింది. తన పోనే. రేపటిదాకా ఒడ్డునే" అంది తల్లి.

"నాన్నకి నేను సెప్తాను" అని రింకి తల్లి చేతిలోంచి ఫోన్ తీసుకుంది. "నర్సు అయిపోతాదని బోటు మీద అందరికీ సెప్పుకుంటన్నాడంట."

నంబరు నొక్కింది. అవతల మోగుతోంది. ఆ ఫోన్ గొంతు పెద్దది, పక్కన నిలబడ్డ మా అందరికీ వినబడుతోంది. చివరిదాకా మోగి ఆగింది. ఎత్తలేదు. ఎందుకెత్తుతాడు? ఎక్కడో మంగుళూరు రేవులో ధనరాజు ఆ మోతని లెక్కపెట్టుకుని, ఇంటికాడ అంతా బాగుందనుకుని ఉంటాడు. రింకి ఒక్క క్షణం ఆగింది. ముత్యాలమ్మ "ఒద్దే, బెదిరిపోతాడు" అని చెయ్యి చాచింది. రింకి చెయ్యి అందనివ్వకుండా మళ్ళీ నొక్కింది.

సగం మోత మోగిందో లేదో ఎత్తేశాడు.

"ఎవులు?" అన్న కేక వినబడింది. వెనకాల ఇంజిన్ల చప్పుడు, ఎవరివో అరుపులు. "ఎవులు పోనారు? సెప్పండి! ఎవులు పోనారు?"

"ఎవులూ పోనేదు నాన్నా. నేను, రింకిని."

"అమ్మ?"

"ఇక్కడే ఉన్నాది. బాగుంది."

"మావ?"

"మావ కూడా ఉన్నాడు. నాన్నా... నా సీటు పోనాది."

అవతల నుంచి నవ్వు మొదలైంది. గట్టిగా, ఊపిరందని నవ్వు. "సీటేనా? సీటేనేటి తల్లీ పోనాది? ఒరే, సీటేనంటరా!" అని పక్కన ఎవరికో చెబుతున్నాడు. మళ్ళీ నవ్వు. అది నవ్వో ఏడుపో మాకు తెలియలేదు.

పొద్దున్నుంచి ఒక్క కన్నీటి బొట్టు రాల్చని పిల్ల, తండ్రి అలా నవ్వుతుంటే భోరుమంది. ఫోన్ చెవికి ఆనించుకుని అలాగే మెట్ల మీద తల్లి పక్కన కూర్చుండిపోయింది. కాసులు గారు చూడలేక గేటు దాకా నడిచి, అక్కడ గోడ వైపు తిరిగి నిలబడ్డారు. నాకు ఆయన దగ్గరికి వెళ్ళాలని ఉంది, వెళ్ళలేకపోయాను.

అవతల నవ్వు ఆగిపోయింది. కూతురి ఏడుపు వినబడినట్టుంది. ఎంతకాలమైందో ఆ ఇంట్లో ఒకరి గొంతు ఒకరు ఫోన్‌లో విని. రింకి వెక్కుతూ, పెట్టేస్తాను నాన్నా, మళ్ళీ సేస్తాను అంటోంది.

"పెట్టొద్దు" అన్నాడు ధనరాజు. "కట్ సెయ్యకు తల్లీ. ఏడువు. నేను ఇంటన్నాను."